చీకట్లో దాటిన కొండలు

మా ఆలూరు నల్లరేగడి నేల. వాన కురిస్తే పత్తి, కురవకుంటే వలస. సంక్రాంతి వెళ్ళగానే ఎన్నో కుటుంబాలు ఇళ్ళకు తాళాలు వేసుకొని గుంటూరు ప్రాంతపు మిరపచేలకు తరలిపోతాయి. దీన్ని మా వైపు ‘సుగ్గి’ అంటారు. పెద్దలతోపాటు పిల్లలూ వెళ్తారు. ఆ నెలల్లో మా మదరసా హాజరు పట్టీ నిండా ఖాళీ గళ్ళే.

ఆ గళ్ళను చూసి, వీళ్ళకు చదువంటే లక్ష్యం లేదని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. ఒకసారి సుగ్గి నుంచి తిరిగివచ్చిన పదకొండేళ్ళ బాలుడు, తాను కంఠస్థం చేసిన రెండు పారాలు మరచిపోయాడు. “ఖుర్ఆన్ కంటే మిరపకాయలు ఎక్కువయ్యాయా?” అని అందరి ముందూ మందలించాను. వాడు తలవంచుకొని నిలబడ్డాడు.

మరుసటి ఏడు తల్లిదండ్రులు వాణ్ణి మదరసాలోనే వదిలి వెళ్ళారు. జనవరి చివర నాకు గుంటూరులో పని పడింది. వాణ్ణి తల్లికి చూపించి తీసుకురావచ్చునని వెంటబెట్టుకున్నాను. పత్తికొండ, డోన్ మీదుగా నంద్యాల చేరి, బంధువుల ఇంట రాత్రి గడిపి, ఉదయం గిద్దలూరు బస్సెక్కాము.

గాజులపల్లె దాటగానే నల్లమల మొదలైంది. దారికి ఇరువైపులా ఎండుటాకుల టేకుచెట్లు, వెదురు పొదలు, లోయల్లో ఇంకా విడని మంచు. మలుపు తిరిగిన ప్రతిసారీ కొత్త కొండ ఎదురవుతున్నది. చెట్టు కరవైన మైదానంలో పుట్టిపెరిగిన నా కళ్ళు తృప్తి తీరక చూస్తున్నాయి.

కిటికీ పక్కన కూర్చున్న బాలుడు హఠాత్తుగా అన్నాడు: “హజ్రత్, ఇక్కడ బాగా చలి పెడుతుంది. అమ్మ మా మీద టార్పాలిన్ కప్పుతుంది.”

“ఈ దారి నీవు చూశావా?”

“లేదు హజ్రత్. లారీలో రాత్రిపూట పోతాం. లారీ మూలిగితే కొండ ఎక్కుతున్నట్టు, బ్రేకుల వాసన వస్తే దిగుతున్నట్టు. కొండలు ఇట్లా ఉంటాయని తెలీదు.”

పర్వతాలు ఎలా నాటబడ్డాయో చూడరా అని ప్రశ్నించే గాషియా సూరాను వాడికి కంఠస్థం చేయించినవాణ్ణి నేనే. ఆ పర్వతాల నడుమే వాడు ఏటా టార్పాలిన్ కింద ముడుచుకొని ప్రయాణించాడు. నేను మారు మాట్లాడలేకపోయాను.

దిగువమెట్ట, గిద్దలూరు దాటి కంభంలో దిగాము. చెరువు చూద్దామని ఆటోలో కట్ట మీదికి వెళ్ళాము. గుండ్లకమ్మ నది కొండల నడుమ నుంచి వెలువడే చోట సుమారు 57 అడుగుల ఎత్తున కట్ట వేసి నిలిపిన నీరది. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. 10,000 ఎకరాలకు పైగా ఆయకట్టు ఉన్న ఈ చెరువును 2020లో అంతర్జాతీయంగా వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించారు. ఆ ఏడు వానలు కురిసినందున నీరు కొండల పాదాల దాకా నిండి ఉంది.

వుజూ చేసుకొని, ప్రయాణికులం గనుక జుహ్ర్ నమాజు రెండు రకాతులుగా చేసుకున్నాము. సలాం చెప్పాక బాలుడు నీటివైపే చూస్తూ అడిగాడు: “ఇట్లాంటి చెరువు మన ఊళ్ళో ఉంటే అమ్మావాళ్ళు సుగ్గికి పోరు గదా హజ్రత్?”

తుంగభద్ర దిగువ కాలువ మా సీమలోనూ ఉంది. చివరి పొలాల రైతులు ఏటా దాని నీటి కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. ఈ సంగతి వాడికి ఎలా చెప్పను? “దుఆ చేద్దాం నాయనా” అన్నాను. దుఆతోపాటు మనుషులు చేయవలసిన పని కూడా ఒకటుందని ఆ కట్ట మీద కూర్చొని నాకే అనిపించింది.

మరునాడు మిరపచేలో వాడి తల్లిని కలిశాము. ఘాటు అంటిన చేతులతో బిడ్డ ముఖం తాకలేక, మోచేతులతో వాణ్ణి దగ్గరకు తీసుకున్నది. ఆమె నన్నడిగిన మొదటి మాట: “వీడు పారాలు మరచిపోలేదు గదా హజ్రత్?”

నేను అందరి ముందూ అన్న మాట ఆమెదాకా వచ్చిందని అప్పుడు తెలిసింది. ఆ మాట నాది తప్పేనని, క్షమించమని ఆమెను అడిగాను. ఊరికి తిరిగివచ్చాక అందరి ముందూ వాణ్ణీ అడిగాను.

ఆ తరువాత ఊరి పెద్దలతో మాట్లాడి, సుగ్గి కాలంలో పిల్లలు మదరసాలోనే తిని పడుకొనే ఏర్పాటు చేసుకున్నాము. కొందరు ఉంటున్నారు, కొందరు ఇంకా వెళ్తూనే ఉన్నారు. వెళ్ళి వచ్చినవారిని ఎందుకు మరచిపోయారని అడగను. ఎక్కడ ఆగామో అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెడతాము.