విలువ: సున్నా

టోక్యోలో సదస్సు ముగిశాక ఉయెనో పార్కుకి వెళ్ళి, బెంచీ మీద సంచీ మర్చిపోయాను. అందులో కొంత డబ్బు, కెమెరా, ఒక నోటుపుస్తకం. చనిపోయేముందు అమ్మమ్మ పాడుతుంటే రాసుకున్న దంపుళ్ళ పాటలు ఆ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేవు.

అక్కడ కూడళ్ళలో 'కోబన్' అనే చిన్న పోలీసు ఠాణాలుంటాయి. వివరాలు రాసుకుని ఒక నంబరిచ్చారు. రాత్రి ఆ నంబరు వేసి ప్రయాణ బీమా ఫారం నింపాను. కెమెరా ఖరీదు వెంటనే రాసేశాను. నోటుపుస్తకం దగ్గర చెయ్యి ఆగింది. చివరికి 'పాతది, సున్నా' అని రాశాను.

మర్నాడే సంచీ దొరికింది, అన్నీ భద్రంగా. జపాన్ చట్టం ప్రకారం దొరికిన వస్తువుని 3 నెలలు ఉంచుతారు. తెచ్చిచ్చినవాళ్ళు విలువలో 5 నుంచి 20 శాతం అడగొచ్చు. నా సంచీ తెచ్చిచ్చినావిడ ఏమీ వద్దందట. అడిగుంటే, పాటలకి ఎంతివ్వాలి? సున్నాలో 20 శాతం సున్నానే కదా!

ఆడవాళ్ళ శ్రమ లెక్కలోకి రాదని థీసిస్ రాసి డాక్టరేట్ తీసుకున్నదాన్ని నేను. అమ్మమ్మ దంచిన వడ్లకి ఇంట్లో ఎవరూ లెక్క కట్టలేదు. ఆమె పాటకి నేనూ కట్టలేదు. పుస్తకం అట్టమీద నా పేరొక్కటే ఉందని కూడా అప్పుడే చూశాను.