నూట ఎనిమిది ఎత్తింది నేనే

ఆఫీసు కొత్త బిల్డింగ్‌కి మారినప్పుడు ఫోన్ల పని నా నెత్తిన పడింది. "అదీ సాఫ్ట్‌వేరే కదా, నువ్వు చూసెయ్" అన్నారు మా మేనేజర్. నిజమే, ఆస్టరిస్క్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో నడిచే సిస్టమ్. ఎక్సెల్ తెరిచి ఎక్స్‌టెన్షన్లు రాసేశా. కింద రిసెప్షన్‌కి గుండ్రంగా 100. ఫస్ట్ ఫ్లోర్ 101 నుంచి, సెకండ్ ఫ్లోర్ 201 నుంచి, థర్డ్ ఫ్లోర్ 301 నుంచి. బయటికి చేయాలంటే ముందు సున్నా. అరగంటలో అయిపోయింది. క్లయింట్లు కూర్చునే మీటింగ్ రూంకి మాత్రం మేనేజర్ అడిగి మరీ 108 పెట్టించుకున్నారు. మంచి నంబరట, కూడితే 9.

రెండో వారంలో ఒక సాయంత్రం అదే రూంలో కేబుళ్లు సర్దుతుంటే టేబుల్ మీద ఫోన్ మోగింది. ఎత్తా.

"హలో, అంబులెన్సాండీ? మనిషి పడిపోయాడండీ, తొందరగా పంపించండి!"

రిసెప్షన్ మేడమ్ గొంతు. "మేడమ్, నేను..." అంటున్నా వినిపించుకోవట్లేదు. అడ్రస్ చెప్పేస్తోంది. మా ఆఫీసు అడ్రసే, నాకే.

మెట్లు దిగుతూనే నా సెల్ నుంచి 108కి చేశా. గేటు దగ్గర సెక్యూరిటీ తాత పడిపోయాడు. షుగర్ బాగా తగ్గిపోయిందట. అంబులెన్స్ వచ్చింది, వారానికి తాత మళ్లీ డ్యూటీకొచ్చాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర లేదు. 108 సర్వీసు మొదలైందే మన హైదరాబాద్‌లో, 2005లో. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన నంబరు. షీట్‌లో రాస్తున్నప్పుడు నాకది రూం నంబరులాగే కనిపించింది!

మిగతావి చూస్తే ఇంకా భయమేసింది. 100 పోలీసులది, 101 ఫైర్, 112 అన్నిటికీ కలిపి. నా షీట్‌లో 101 హెచ్ఆర్, 112 జిరాక్స్ మెషిన్ పక్కనున్న ఫోన్. పోనీ నాలుగంకెలు చేద్దామా అంటే 1098 పిల్లల హెల్ప్‌లైన్, 1930 సైబర్ మోసాలకి. అంటే ఒకటితో మొదలయ్యేదేదీ మనం ముట్టుకోకూడదు. సున్నా ఎలాగూ బయటి లైనుకి పోయింది. ఆస్టరిస్క్‌లో నంబర్ల ప్యాటర్న్ రాసేటప్పుడు ఎన్ అనే అక్షరం పెడితే 2 నుంచి 9 వరకే ఒప్పుకుంటుంది. అదెందుకో అప్పటిదాకా పట్టించుకోలేదు.

మొత్తం మార్చేశా. కింద 2001 నుంచి, ఫస్ట్ ఫ్లోర్ 2101 నుంచి, అలా పైకి. 108 కొట్టినా, అలవాటుగా సున్నా కలిపి 0108 కొట్టినా బయటికే వెళ్తుంది. కంగారులో ఉన్న మనిషికి సున్నా గుర్తుండాలని ఎలా అనుకుంటాం? ఇవి ఐపీ ఫోన్లు, కరెంట్ పోతే మూగబోతాయి. అందుకని సర్వర్‌నీ స్విచ్‌లనీ యూపీఎస్ మీదికి తెచ్చా. సొంత డెస్క్ నంబర్ మారిందని సగం ఆఫీసు నన్ను తిట్టుకుంది. తిట్టుకోనీ.

షీట్ తిరగరాస్తుంటే ఇంకోటి కనబడింది. అందులో జిరాక్స్ మెషిన్ దగ్గరి ఫోన్ కూడా ఉంది, గేటు లేదు. ఇప్పుడు తాతకి 2002.

మీటింగ్ రూం 2106. కూడితే 9. మేనేజర్ అడిగారు, ఇచ్చేశా.