ఇంట్లో నవ్వదగిన సినిమా

సినిమా హాల్లో నవ్వడం వేరు, ఇంట్లో నవ్వడం వేరు. పెళ్ళి భోజనానికీ ఇంటి భోజనానికీ ఉన్నంత తేడా ఉంది రెండింటికీ. పెళ్ళిలో పప్పు కాస్త చప్పగా ఉన్నా, పక్క విస్తరి ఆయన లొట్టలేస్తూ తింటుంటే మనకీ బాగానే ఉన్నట్టుంటుంది. హాల్లోనూ అంతే. ఎక్కడో ముందు వరసలో ఒకడు పగలబడి నవ్వితే ఆ నవ్వు పాక్కుంటూ బాల్కనీ దాకా వస్తుంది. ఇంటికెళ్ళాక ఎందుకు నవ్వామో ఎంత ఆలోచించినా గుర్తుకు రాదు. ఇంట్లో అలా కుదరదు. ఉండేది నలుగురం. దీపాలు వెలుగుతుంటాయి. ఎవరి మొహం ఎవరికైనా కనిపిస్తుంటుంది. అక్కడ సినిమా తన సొంత బలంతోనే నవ్వించాలి.

మా తిరువూరు ఎండల సంగతి ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మామిడికాయలు కోతకొచ్చే రోజుల్లో మధ్యాహ్నం పూట వీధిలో కాకి కూడా ఎగరదు. తలుపులు బిడాయించుకుని, కూలరు పెట్టుకుని, హాయిగా ఓ సినిమా చూడటం కన్నా చేయగలిగిందేముంది? నా చిన్నతనంలో అయితే అద్దెకి వి.సి.పి. తెచ్చేవారు. కిరాయి గిట్టాలని ఒక్క రాత్రికి మూడు సినిమాలు! మూడోది మొదలయ్యేసరికి పెద్దవాళ్ళు గురకల్లో ఉండేవారు. అప్పట్లో ఎంచుకునే పనే లేదు, షాపువాడు ఏ క్యాసెట్టు ఇస్తే అదే ప్రసాదం. ఇప్పుడేమో టీవీలో వేలకొద్దీ సినిమాలు. ఏది చూడాలో తేల్చుకునేసరికే అరగంట. అందుకని మా ఇంట్లో హాస్యం సినిమాలకీ, పథకం వేసి వేషం కట్టి ఎవర్నో బోల్తా కొట్టించే టక్కరి దొంగల సినిమాలకీ కొన్ని పరీక్షలు పెట్టుకున్నాం.

మొదటిది వంటింటి పరీక్ష. ఇది నేను పెట్టింది. సినిమా మధ్యలో మనం ఎన్నిసార్లు లేస్తామో మగవాళ్ళకేం తెలుసు? కుక్కరు కూత, పొంగబోయే పాలు, గుమ్మంలో గ్యాసు కుర్రాడు. ‘గుండమ్మ కథ’ (1962) ఈ పరీక్షలో నూటికి నూరు మార్కులు తెచ్చుకుంటుంది. పులుసులో పోపు పెట్టి వచ్చినా సూర్యకాంతం అక్కడే ఉంటుంది, నోరూ అలాగే ఉంటుంది. దొంగల సినిమాలకి మాత్రం ఇక్కడే చిక్కు. పోపు వేగేలోగా సంచీ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారిపోతుంది. తిరిగొచ్చి “ఎవరి దగ్గరుందిరా?” అని అడిగితే మా పెద్దాడు విసుక్కుంటాడు. ఆపే మీట ఉందిగా అంటారా? ఆపితే మా అత్తగారు నిద్రపోతారండీ!

రెండోది మావారి పరీక్ష. దొంగ ఎవరో తెలిసిపోయాక కూడా మళ్ళీ చూడబుద్ధేస్తుందా అని. చాలావాటికి వెయ్యదు. గుట్టు తెలిసిన పొడుపుకథతో ఎంతసేపని ఆడుకుంటాం? కానీ ‘మాయాబజార్’ (1957) చూడండి. దాన్ని పౌరాణికం అంటాం గానీ, నన్నడిగితే మనవాళ్ళు తీసిన మేలుజాతి దొంగతనం సినిమా అది. ఘటోత్కచుడు పథకం వేస్తాడు. శిష్యుల్ని వెంటేసుకుంటాడు. అసలు పెళ్ళికూతుర్ని మాయం చేసి, తానే ఆ వేషంలో శత్రువుల విడిదిలో దూరతాడు. ఎత్తుకొచ్చిన సొత్తు శశిరేఖ! వ్యాసభారతంలో లేని ఈ కథని కె.వి. రెడ్డిగారూ పింగళివారూ ఎలా నడిపారంటే, పాండవుల ఇంటి పెళ్ళి కథలో పాండవులు ఒక్కరూ కనిపించకపోయినా మనకి లోటనిపించదు. గుట్టు మొదటినుంచీ మనకి తెలిసిందే. అయినా సావిత్రి ఒంట్లోకి రంగారావు నడక వచ్చి చేరగానే ప్రతిసారీ నవ్వొస్తుంది. ‘మిస్సమ్మ’ (1955) కూడా ఆ కోవదే. ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాలమని అబద్ధమాడిన ఇద్దరు నిరుద్యోగులు ఎప్పుడు దొరికిపోతారోనని, దొరకరని తెలిసిన చోటకూడా, మనం కంగారుపడుతూనే ఉంటాం.

మూడో పరీక్ష మా అత్తగారిది. దాని వెనక కొంచెం కథ ఉంది.

అత్తగారికి ఈమధ్య చెవులు సరిగ్గా వినపడవు. అందుకని సినిమా చూస్తూ మధ్యమధ్య మా మొహాలు కూడా చూస్తుంటారు. మేం నవ్వితే అది నవ్వే చోటని ఆవిడకి గుర్తు. కిందటి వేసవిలో మా ఆడపడుచు కూతురు సెలవులకి వచ్చింది. బెజవాడలో డిగ్రీ చదువుతోంది. కాస్త బొద్దుగా, చామనచాయగా ఉంటుంది. చురుకైన పిల్ల. అంతకు నెల ముందే ఓ సంబంధంవాళ్ళు వచ్చి, కడుపునిండా ఫలహారం చేసి వెళ్ళి, అమ్మాయి కొంచెం లావని కబురంపారు. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

ఆ వేళ మా పెద్దాడు పెట్టిన హాస్యం సినిమాలో పెళ్ళిచూపులు. బాగా లావుగా, నల్లగా ఉన్న అమ్మాయి కాఫీ ట్రేతో వస్తుంది. పెళ్ళికొడుకు కుర్చీలోంచి దొర్లిపడతాడు. హాల్లో అయితే ఈలలే. మా పిల్ల మంచినీళ్ళు తాగొస్తానని లేచింది.

“అదేది?” అన్నారు అత్తగారు కాసేపటికి.

“నీళ్ళు తాగడానికెళ్ళింది నానమ్మా.”

“మంచినీళ్ళు తాగడానికి అరగంటా?”

ఎవరూ మాట్లాడలేదు. ఆవిడే మోకాళ్ళు పట్టుకుని లేచి, పిల్ల ఉన్న గదిలోకి వెళ్ళారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వచ్చి మాత్రం, “మీరంతా నవ్వుతుంటే అది నవ్వలేదర్రా. నేను చూశాను” అన్నారు.

మావారు కొంచెం నొచ్చుకున్నారు. “సినిమాలో పాత్రనన్నారు గానీ మన పిల్లనన్నారా? ఇలా తూకాలు వేస్తే హాస్యమే మిగలదు” అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. పాత సినిమాలైతే కడిగిన ముత్యాలేం కావు. నత్తి మీదా చెవుడు మీదా అల్లిన హాస్యం బోలెడుంది. ఓసారి చెవిటివాడి మీద ఏదో వేళాకోళం వస్తే అత్తగారు విరగబడి నవ్వారు. ఎందుకత్తయ్యా అంటే, “వాళ్ళేమన్నారో వాడికీ వినపడలేదు, నాకూ వినపడలేదు!” అన్నారు. ఇక తూకం ఎక్కడ వేస్తాం?

అయినా తేడా ఉందనే నాకనిపిస్తుంది. ‘చంటబ్బాయ్’ (1986) తీసుకోండి. మల్లాది వెంకట కృష్ణమూర్తిగారి నవలకి జంధ్యాల చేసిన సినిమా. అందులో శ్రీలక్ష్మి తన కవితలతో, వంటలతో పత్రికా సంపాదకుణ్ణి ముప్పుతిప్పలు పెడుతుంది. రచయిత్రిగా నేను ఉడుక్కోవాల్సిన చోటే అది. కానీ ఆవిడ ధీమా చూడండి! ఒక్క క్షణం తల దించుకోదు. చెమటలు పట్టేది ఆయనకి. ‘అహ నా పెళ్ళంట!’ (1987)లో కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే పిసినారి కోట శ్రీనివాసరావుని చూసి నవ్వుతాం. పిసినారితనం ఆయన చేతులారా పెంచుకున్నది. ఒంటి రంగు అలాంటిది కాదుగా. గుండమ్మ గయ్యాళితనమూ అంతే. పైగా ఆ గుండమ్మే ఛాయాదేవి చేతిలో చిక్కి అవస్థపడుతుంటే మనకి జాలేస్తుంది.

అందుకని అత్తగారి పరీక్ష ఇది: గదిలో ఉన్నవాళ్ళలో ఎవరూ మంచినీళ్ళకి లేవకూడదు. ఎవరు లేస్తారన్నది హాలువాడికి అక్కర్లేదు, చీకట్లో కనపడదు కూడా. ఇంట్లో మనకి అక్కర.

తర్వాతి ఆదివారం ఎంపిక మేనకోడలికే వదిలేశాం. ‘క్షణ క్షణం’ (1991) పెట్టింది. బ్యాంకులో దోచిన సొమ్ము, దాని జాడ తెలిపే ఆధారం అనుకోకుండా చేతికొచ్చిన మామూలు ఉద్యోగం చేసుకునే అమ్మాయి, తోడుగా ఓ చిల్లర దొంగ, వెనక పరేష్ రావల్ ముఠా. వంటింటి పరీక్షలో ఇది తప్పినట్టే. నేను రెండుసార్లు లేచి, రెండుసార్లూ కథ పోగొట్టుకున్నాను. కానీ శ్రీదేవి బెదురు చూపులకి మాటలెందుకు? అత్తగారు మా మొహాలకేసి చూడకుండానే నవ్వారు. పిల్ల సోఫా మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, “అత్తా, ఒక్కసారి వెనక్కి తిప్పు” అని రెండుసార్లు అడిగింది.

మీ ఇంట్లోనూ ఓసారి అత్తగారిలా చేసి చూడండి. సినిమా బాగుందో లేదో తెర చెప్పినంతా చెబుతుంది. మిగిలింది పక్కన కూర్చున్నవాళ్ళ మొహాలు చెబుతాయి.

వచ్చే ఆదివారం మావారి వంతు. ఏదో కొత్త దొంగల సినిమా వెతికి పట్టుకున్నారట. చూద్దాం. వడియాల పిండి పొద్దున్నే ముగించేసి, ఈసారైనా లేవకుండా కూర్చోవాలని ఉంది.