నాలుగు తీగలు, ఏడు స్వరాలు

యుకలేలే నేర్చుకుంటున్నానంటే మా టీములో వచ్చే మొదటి ప్రశ్న "అదేంటి?". రెండోది "దాంతో ఏం చేస్తావ్?".

మొదటిదానికి జవాబు సులువే. 1879లో మదీరా దీవి నుంచి చెరకు తోటల పనికి హవాయి వెళ్ళిన పోర్చుగీసు వాళ్ళు తమతో ఓ బుల్లి గిటారు లాంటిది పట్టుకెళ్ళారు. అదే అక్కడ యుకలేలే అయింది. ఉన్నవి నాలుగే తీగలు: జి, సి, ఇ, ఎ. ఆఫీసు బ్యాగు పక్కన ఇట్టే పట్టేస్తుంది. తెనాలి నుంచి రేపల్లె రైల్లో అత్తగారింటికి వెళ్తూ కూడా సాధన చేసుకోవచ్చు. పక్క సీటాయనకి ఓపికుండాలంతే :)

రెండోదానికి కాస్త వివరం కావాలి.

మామూలు కార్డుకి మూడు స్వరాలు. సెవెన్త్ కి నాలుగు, నైన్త్ కి ఐదు, లెవెన్త్ కి ఆరు, థర్టీన్త్ కి ఏకంగా ఏడు. తీగలు మాత్రం నాలుగే. ఏడు రిక్వెస్టులకి నాలుగు థ్రెడ్లన్నమాట. అన్నీ ఒకేసారి మీటాలంటే కొన్ని వదిలెయ్యక తప్పదు. సి నైన్త్ కి మామూలుగా పట్టే 0-2-0-1 పట్టులో అసలు సి స్వరమే ఉండదు! దాన్ని వినేవాడి చెవే పూరించుకోవాలి.

ఆర్పెజియోలో ఈ గొడవ లేదు. స్వరాల్ని ఒకదాని తర్వాత ఒకటి మీటుతాం కాబట్టి ఏడూ పడతాయి. సి థర్టీన్త్ కి నేను చేసే వరస ఇది: సి, ఇ, జి తీగలు ఖాళీగా, ఆ తర్వాత ఎ తీగ మీద 1, 5, 8, 12 మెట్లు. మొదటి మూడింటికీ ఎడమచేతికి పనే లేదు. ఆ తర్వాతి దూకుళ్ళ దగ్గరే వస్తుంది చిక్కంతా. మెట్రోనోము 50లో పెట్టినా 12వ మెట్టు దగ్గరికొచ్చేసరికి లయ జారిపోయేది.

ఇక మా నాన్న సంగతి. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలకి ముప్ఫయ్యేళ్ళు హార్మోనియం వాయించారు. ఇప్పుడు బాపట్లలో అన్నయ్య దగ్గర ఉంటున్నారు. (స్థానం నరసింహారావు గారు 1902లో పుట్టింది బాపట్లలో, పేరు తెచ్చుకుంది తెనాలి శ్రీరామ విలాస సభలో. నాటకాలవాళ్ళకి ఈ దారి పాతదే.) రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి నాన్నకి ఎడమచెయ్యి పడిపోయింది. హార్మోనియానికి గాలి కొట్టేది ఆ చెయ్యే. పెట్టె మీద దుప్పటి కప్పించేశారు. టీవీలో పద్యం వస్తే ఛానల్ మార్చమనేవారు. ఇంట్లో ఎవరమూ ఆ ఊసెత్తేవాళ్ళం కాదు.

కార్డులంటే ఆయనకి మొదట్నుంచీ పడదు. "నాలుగు స్వరాలు ఒకేసారి అరిస్తే పాటెక్కడుందిరా?" అనేవారు. ఓ ఆదివారం వరండాలో నేను పైన చెప్పిన వరస వాయిస్తుంటే కళ్ళు మూసుకుని విని, "సగప, నిరిమధ. హరికాంభోజి స్వరాలేగా, ఒకటి విడిచి ఒకటి" అన్నారు. నిజమే! థర్టీన్త్ అంటే ఆ మేళంలోని ఏడు స్వరాలూ దాటు వేసుకుంటూ రావడమే. ఆరు నెలల్లో ఏ వీడియోలోనూ ఈ మాట వినలేదు.

అంతటితో ఆగలేదు. కుడిచేత్తో మోకాలి మీద వేస్తూ "ఏడున్నప్పుడు నాలుగులో ఎందుకు కొడతావు? మిశ్రంలో వెయ్యి. తకిట, తకధిమి" అన్నారు. వేసి చూశాను. తకిటకి మూడు ఖాళీ తీగలు, తకధిమికి ఎ తీగ మీది నాలుగు మెట్లు. అతికినట్టు సరిపోయింది. 12వ మెట్టు 'మి' మీద నిలబడింది. నైన్త్ ఐదు స్వరాలు కాబట్టి ఖండంలో వెయ్యమన్నారు.

"మన సంగీతానికి ఈ విదేశీ డబ్బా ఎందుకు" అనే మిత్రులకో మాట. హార్మోనియమూ బయట నుంచి వచ్చిందే. మన సంగీతానికి పనికిరాదని ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించింది, 1971లో గానీ సడలించలేదు. ఆ ముప్ఫయ్యేళ్ళూ మన పద్యనాటకాలు దాన్ని వదల్లేదు. ఏది మనదో వాయించేవాడే తేల్చుకుంటాడు.

పోయిన నెల నాన్న దుప్పటి తియ్యమన్నారు. గాలి నేను కొట్టాను, కుడిచేత్తో ఆయన వాయించారు. పది నిమిషాలకే అలిసిపోయారు. ఎడమచెయ్యి తిరిగి వస్తుందని డాక్టరు చెప్పలేదు. కానీ ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి "ఏవిట్రా, ఇవాళ వాయించావా?" అని అడుగుతున్నారు. రెండేళ్ళుగా ఆయన ఫోనులో మాట్లాడింది మందుల గురించే.

యుకలేలేతో నేను చేస్తున్నది ఇదీ. మీ ఇళ్ళల్లోనూ దుప్పటి కప్పిన పెట్టె ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఓసారి చూడండి.