కాగితం మనిషి, కాఫీ హోటలు

ఒక కథని చాలామందికి చెప్పాను నేను. ఆఫీసు క్యాంటీన్‌లో, ట్రెక్కింగ్‌కి వెళ్ళినప్పుడు, ఒకసారి ఏకంగా పెళ్ళిచూపుల్లో కూడా (ఆ సంబంధం కుదర్లేదు, అది వేరే సంగతి). కథ ఇది. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాని జర్మనీలో కలిపేసుకున్నాడు. దాన్ని పండగలా చూపించడానికి ఏప్రిల్ 3న వియన్నాలోని ప్రాటర్ స్టేడియంలో రెండు జట్లకీ మ్యాచ్ పెట్టారు. డ్రా చెయ్యమని పైనుంచి మాట వచ్చిందంటారు. మథియాస్ సిండెలార్ మొదటి సగమంతా చేతికందిన అవకాశాల్ని కావాలనే పక్కకి తన్నుతూ వెక్కిరించాడు. రెండో సగంలో గోల్ కొట్టేశాడు. కార్ల్ సెస్టా ఇంకోటి కొట్టాడు. 2-0. అప్పుడు సిండెలార్ నాజీ పెద్దలు కూర్చున్న చోటికెళ్ళి, వాళ్ళ ముందే డాన్స్ చేశాడు. పది నెలలు తిరక్కుండానే తన ఫ్లాట్‌లో శవమై కనిపించాడు.

రోజంతా బగ్‌లు వెతికే ఉద్యోగం నాది. అయినా ఇంత నున్నగా ఉన్న కథని అనుమానించాలని ఏళ్ళ తరబడి తోచలేదు.

అసలు ఆ డాన్స్ లేకపోయినా చెప్పుకోవాల్సిన ఆటగాడే అతను. 1903లో మొరావియాలోని ఒక పల్లెలో పుట్టాడు. కుటుంబం వియన్నాకి వలస వచ్చి ఫావరిటెన్‌లో స్థిరపడింది. ఇటుక బట్టీల పేట అది. చెక్, మొరావియా కూలీలు బతకడానికి వచ్చిన చోటు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో పోయాడు. పిల్లలు వీధుల్లో గుడ్డ పేలికలు చుట్టి చేసుకున్న బంతితో ఆడేవాళ్ళు. కుర్రతనంలోనే మోకాలికి ఆపరేషన్ అయింది. తర్వాత ఆ కాలికి కట్టు కట్టుకునే ఆడాడు. మనిషి బక్కపలుచన, బలంగా గుద్దుకుంటే తట్టుకోలేడు. అందుకని ఎవరికీ తగలకుండా సందుల్లోంచి జారిపోవడం నేర్చుకున్నాడు. దాంతో ‘కాగితం మనిషి’ అన్న పేరొచ్చింది. సెంటర్ ఫార్వర్డ్ అయ్యుండి గోల్ ముందు కాచుక్కూర్చోకుండా వెనక్కి వచ్చేవాడు. అతన్ని కాపలా కాసేవాడు వెంట రావాలో, ఉన్నచోటే ఉండాలో తేల్చుకోలేక తికమకపడేవాడు. ఈ మధ్య యూట్యూబ్‌లో బోర్డుల మీద బాణాలు గీసి ‘ఫాల్స్ నైన్’ అని వివరిస్తుంటారే, ఇంచుమించు అదే.

హ్యూగో మైజ్ల్ తయారుచేసిన ఆ ఆస్ట్రియా జట్టుని వూండర్‌టీమ్, అంటే అద్భుతమైన జట్టు అనేవారు. 1931 మేలో స్కాట్లండ్‌ని 5-0తో, అదే నెలలో జర్మనీని బెర్లిన్‌లోనే 6-0తో కొట్టారు. మరుసటేడు హంగరీని 8-2తో. లండన్‌లో ఇంగ్లండ్ మీద 4-3తో ఓడినా మెప్పు మాత్రం వీళ్ళకే దక్కింది. 1934 ప్రపంచ కప్ సెమీఫైనల్లో ఇటలీ 1-0తో ఆపేసింది. వియన్నా కాఫీ హోటళ్ళలో రచయితలు నాటకాల గురించి ఎలా కొట్లాడుకునేవారో, సిండెలార్ ఆట గురించీ అలానే కొట్లాడుకునేవారట. సాహిత్యం వాళ్ళు ఫుట్‌బాల్‌ని ఇంత సీరియస్‌గా పట్టించుకున్న ఇంకో ఊరు నాకు గుర్తు రావట్లేదు.

ఆ కాఫీ హోటల్ దగ్గరే నా కథకి దెబ్బ తగిలింది.

1938లో నాజీలు యూదుల వ్యాపారాలు లాక్కుని ‘ఆర్యుల’ చేతుల్లో పెడుతున్నారు. ఫావరిటెన్‌లో లెయొపోల్డ్ డ్రిల్ అనే యూదుడి కాఫీ హోటల్ కూడా అలా చేతులు మారింది. తీసుకున్నది సిండెలార్. ఇది చదివిన రోజు ల్యాప్‌టాప్ మూసేశాను. ఎవరో నా సొంత మనిషి గురించి చెడు చెప్పినట్టనిపించింది. ఆ డాన్స్ నిజంగా జరిగిందా అని అనుమానించే చరిత్రకారులున్నారని కూడా అప్పుడే తెలిసింది.

పోనీ చెడ్డవాడని తేల్చేద్దామా అంటే అదీ కుదరదు. అతని క్లబ్ ఆస్ట్రియా వియన్నా ప్రెసిడెంట్ డాక్టర్ ష్వార్ట్స్ యూదుడని పదవిలోంచి తీసేశారు. పలకరించొద్దని కొత్తవాళ్ళు హుకుం జారీ చేస్తే, నేను మాత్రం మిమ్మల్ని పలకరిస్తూనే ఉంటానని సిండెలార్ ఆయనతో అన్నాడంటారు. జర్మనీ జట్టుకి ఆడమంటే వయసు, దెబ్బలు సాకు చెప్పి తప్పుకున్నాడు. ఆ జట్టు 1938 ప్రపంచ కప్ మొదటి రౌండ్‌లోనే స్విట్జర్లాండ్ చేతిలో ఓడి ఇంటికెళ్ళింది. పలకరిస్తానన్నవాడూ, హోటల్ తీసుకున్నవాడూ ఒక్కడే. డ్రిల్‌కి న్యాయమైన ధరే ఇచ్చాడని అభిమానులు వాదిస్తారు. అమ్మనని అనే వీలే లేనివాడికి న్యాయమైన ధర ఏమిటి?

ఇలా అడగడం నాకు సులువే. రెండేళ్ళ క్రితం మా టీమ్‌లో ఒకతని ఉద్యోగం పోయింది. ఊరెళ్ళిపోతూ కారు అమ్మకానికి పెట్టాడు. మార్కెట్ రేటు కంటే డెబ్బై వేలు తక్కువకే ఇస్తానన్నాడు. అతనికి తొందరని నాకు తెలుసు. తెలిసే, “ఇంకో పది తగ్గించు బ్రదర్” అన్నాను. తగ్గించాడు. ఈ రెంటికీ పోలిక లేదు. నా వెనక తుపాకులు లేవు, అతని మీద చట్టం లేదు. కాకపోతే సిండెలార్ తరఫు వాదనలు చదువుతుంటే, “నేను కాకపోతే ఇంకొకడు కొనేవాడు” అన్న మాట దగ్గర మాత్రం నా గొంతు నాకే వినిపించింది.

1939 జనవరి 23న సిండెలార్, అతని స్నేహితురాలు కమిల్లా కార్బన్ మోనాక్సైడ్‌కి బలయ్యారు. ప్రమాదం అన్నారు పోలీసులు. ఆత్మహత్య అన్నట్టుగా ఫ్రీడ్రిష్ టోర్‌బెర్గ్ కవిత రాశాడు. హత్య అన్నవాళ్ళూ ఉన్నారు. నాకు ప్రమాదమే అనిపిస్తుంది. పాడైపోయిన పొగగొట్టం చాలు, మనిషి చావడానికి. అంత్యక్రియలకి వేలమంది వచ్చారు.

ఇప్పుడీ కథ చెప్పేటప్పుడు హోటల్ సంగతి కూడా చెప్తున్నాను. డాన్స్ దాకా కళ్ళార్పకుండా విన్నవాళ్ళు అక్కడికొచ్చేసరికి ఫోన్లు తీస్తారు. మొన్న క్యాంటీన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మాత్రం, “ఎంతకి తీసుకున్నాడట?” అని అడిగింది.

“ఇరవై వేల మార్కులంటారు.”

“ఎక్కువా, తక్కువా?” అంది.