మూడు భాషల బల్ల

ప్రాణహితకు ఆవలి యొడ్డున తెలంగాణము, ఈవలి యొడ్డున మా సిరొంచ. మాకు ఇంట తెలుగు, బడిలో మరాఠీ, అంగడిలో రెండును. అడవి దిక్కునుండి వచ్చువారి నోట మాడియా.

1982లో చంద్రపూరు జిల్లానుండి గడ్చిరోలి వేరుపడిననాడు మేము ఐదవ తరగతిలో ఉంటిమి. ఆ యేడే ఒకనాడు పంతులుగారు వాన యెట్లు కురియునని మమ్ము అడిగిరి. జవాబు మాకు తెలియును, తెలుగులో. మరాఠీ మాట దొరకక నిలుచుండిపోతిమి. తరగతి యంతయు నవ్వినది. ఆపై రెండేండ్లు మేము బడిలో నోరు విప్పలేదు. మందబుద్ధి యను పేరును వచ్చినది.

1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు నేర్పదగిన జీవన నైపుణ్యములను పదిగా లెక్కించినది. చక్కగా మాటాడుట, పదుగురితో మెలగుట, మనసుపై పడు ఒత్తిడిని తాళుకొనుట అందులోనివే. లెక్క మంచిదే గాని, మా సీమలో ఈ మూడును ఒకే ముడి. మాట రాని బిడ్డ జట్టులో కలియదు. కలియని బిడ్డకు పరీక్షకు ముందే గుండెదడ.

ఉపాధ్యాయులమైన పిదప మేము ఒక్కొక్క బల్లకు తెలుగింటి బిడ్డను, మరాఠీ యింటి బిడ్డను, మాడియా బిడ్డను కూర్చుండబెట్టుచున్నాము. ముందు పాఠమును ఎవరి భాషలో వారు చెప్పవలెను. రాని మాటకు చేతులు, బొమ్మలు సాయము. పిదప ముగ్గురును కలిసి మరాఠీలో వ్రాయవలెను. నెమ్మదిగా ఊపిరి తీయుట మొదలగు సాధనలును కలవు, కాని అవి తరువాత. మొదటి దినమున నేర్పునది ఒక్క వాక్యమే: “మలా సమజలే నాహీ, పున్హా సాంగా.” నాకు తెలియలేదు, మరల చెప్పుడని యర్థము. సిగ్గుపడక దీనిని పలికిన బిడ్డకు సగము భయము తీరును.

నిరుడు భామరాగడు దిక్కు బాలిక యొకతె లేచి, మా మరాఠీలో లింగము తప్పినదని చెప్పినది. తరగతి నవ్వినది, మేమును నవ్వితిమి. “పున్హా సాంగా” అంటిమి.