పాండా లేని పట్నం

అమీర్‌పేటలో దొరకని వస్తువు లేదని జంటనగరాల్లో ఒక వాడుక. కంప్యూటరు చదువు మొదలుకొని నెల అద్దెకు మంచం దాకా అన్నీ దొరుకుతాయి. అక్కడినుంచి పంజగుట్ట వైపు నడిస్తే నగల దుకాణాలు, బట్టల దుకాణాలు, వాటి నడుమ పిల్లల బొమ్మల కొట్లు. ఆ కొట్ల అద్దాల వెనుక, కళ్ళచుట్టూ కాటుక పులుముకున్నట్టు కూర్చుని ఉంటుంది పాండా. దూది పాండా లెండి. పిల్లలు దాన్ని చంకన పెట్టుకుని, "ఇది మన జూలో ఉందా నాన్నా?" అని అడుగుతారు. లేదు. మన జూలోనే కాదు, మన దేశంలో ఏ జంతుశాలలోనూ లేదు. అన్నీ దొరికే పేటలో దొరకనిది ఇదొక్కటీ.

పాండా పుట్టిల్లు చైనాలోని సిచువాన్, షాంక్సీ, గాన్సు రాష్ట్రాల కొండలు. చలి, మంచు, వెదురుపొదలు దాని సంపద. ఎదిగిన పాండా రోజుకు 12 నుంచి 38 కిలోల వెదురు నములుతుంది. 1972లో వాషింగ్టన్‌కు ఒక జంటను కానుకగా పంపిన చైనావారు, 1984 నుంచి విదేశాలకు కానుకలు మాని ఎరువివ్వడం మొదలుపెట్టారు. జంటకు ఏడాదికి అద్దె పది లక్షల డాలర్ల దాకా ఉంటుంది. పిల్ల పుడితే అదీ వారిదే!

మనవాళ్ళలో పాండాను కళ్ళారా చూసినవారు సాధారణంగా సింగపూరు యాత్రకు పోయినవారు. 2012లో అక్కడికి కై కై, జియా జియా అనే జంట వచ్చింది. భూమధ్యరేఖ పక్కనున్న ఊరు కదా, వాటిని చల్లని మందిరంలో ఉంచారు. 2021 ఆగస్టులో వాటికి లె లె పుట్టాడు. 2024 జనవరిలో ఆ పిల్లవాణ్ణి చైనాకు పంపించివేశారు, ఒప్పందం ప్రకారం. పుట్టి బుద్ధెరిగి వాడెన్నడూ చూడని దేశమది. అమెరికాలో పుట్టిన మనవణ్ణి పంజగుట్టలో తాతగారు "ఇదేరా మన ఊరు" అంటూ తిప్పుతుంటే వాడు మొహమాటంగా నవ్వుతాడు చూడండి, అలాంటి వ్యవహారమే.

అమీర్‌పేటలో మెట్రో రైలెక్కితే పంజగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాదు, లకడీకాపూల్, అసెంబ్లీ దాటాక నాంపల్లి వస్తుంది. 2018 సెప్టెంబరు నుంచి నడుస్తున్న దారి ఇది. నాంపల్లి స్టేషనుకు దగ్గరలోనే సరోజినీనాయుడుగారి ఇల్లు 'గోల్డెన్ త్రెషోల్డ్' ఉన్నది. ఆమె కుమార్తె పద్మజానాయుడు పశ్చిమ బెంగాలుకు గవర్నరుగా పనిచేశారు. డార్జిలింగులోని హిమాలయ జంతుశాలకు 1975లో ఆమె పేరే పెట్టారు. ఎర్ర పాండాలను పెంచి పిల్లలు చేయించడంలో ఆ జంతుశాల పేరు పొందింది. అసలు 'పాండా' అన్న పేరు మొదట దక్కింది ఈ ఎర్రదానికే, 1825లో. నలుపు తెలుపుల పెద్ద పాండాను పడమటివారు ఎరిగింది 1869లో. 2003లో డార్జిలింగువారు తమ దగ్గర పుట్టిన రెండు ఆడ ఎర్ర పాండాలను సింగలీలా అడవిలో విడిచిపెట్టారు. బోను నుంచి అడవికి పోయే అదృష్టం ఎన్ని ప్రాణులకు పడుతుంది! హైదరాబాదుకు పాండాతో ఉన్న చుట్టరికం ఇంతే, పేరు వరుసన.

ఆ పక్కనే పబ్లిక్ గార్డెన్సు. పాతవారికి బాగే ఆమ్. నిజాం నాటి జంతుశాల అందులోనే ఉండేది. 1963 అక్టోబరు 6న మీరాలం చెరువు దగ్గర నెహ్రూ జంతుశాల తెరిచినప్పుడు ఇక్కడి ప్రాణులను అక్కడికి తరలించారు. అలా వెళ్ళిన వాటిలో ఒక రాక్షసి తాబేలు ఉన్నది. దాని జాతి పసిఫిక్ మహాసముద్రంలోని గాలపగోస్ దీవులది. అక్కడికీ హైదరాబాదుకూ మధ్య దాదాపు సగం భూగోళం.

మా కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని ఒకసారి జూకు వెళ్ళాను. తాబేలు దొడ్డి దగ్గర ఒక అమ్మాయి, "మాస్టారూ, ఇది బొమ్మా, బతికే ఉందా?" అని అడిగింది. కూర్మావతారం గురించి నాలుగు ముక్కలు చెబుదామని గొంతు సవరించుకున్నాను. ఇంతలో ఆ బండరాయి మెడ చాపింది. ఏనుగు కాలివంటి కాలొకటి ముందుకు వేసి, ఆకు అందుకుని, మళ్ళీ కదలకుండా నిలబడింది. నా పాఠం ఎవరూ వినలేదు.

జూలో పరదేశపు అతిథులు ఇంకా ఉండేవారు. 2012లో హైదరాబాదులో జీవవైవిధ్య సభ జరిగినప్పుడు వచ్చిన సౌదీ రాకుమారుడొకరు తరువాత సింహాల జంటనూ, చీతాల జంటనూ కానుకగా పంపారు. చీతాల పేర్లు అబ్దుల్లా, హీబా. చీతా మనకు కొత్తది కాదు సుమా! నిజాముల కాలంలో ఈ గడ్డమీద చీతాలను మచ్చిక చేసి జింకలపైకి వదిలేవారు. చివరకు 1952లో దేశంలో చీతా జాతే లేదని ప్రకటించవలసి వచ్చింది. కనుకనే అబ్దుల్లా మనవాడై ఉండికూడా పరాయివాడిలా వచ్చాడు. హీబా 2020లో పోయింది, అబ్దుల్లా 2023 మార్చిలో.

పాండా అద్దెలెక్కలు విన్నప్పుడు, ప్రాణితో బేరమేమిటని చాలామంది చీదరించుకుంటారు. నాకు మాత్రం అందులో ఒక గుణం కనిపిస్తుంది. ఆ ప్రాణిని తనదని చెప్పుకునే దేశం ఒకటున్నది. గడువు రాసుకుంటుంది, పిల్లనైనా సరే తిరిగి పిలిపించుకుంటుంది. మన తాబేలును అడిగినవారెవరు? కాగితం లేదు, గడువు లేదు. జూవారి లెక్క ప్రకారం చూస్తే, అది గుడ్డులోంచి బయటపడేనాటికి మన గద్దెమీద మహబూబ్ అలీ పాషా ఉన్నాడు. ఆ తరువాత సంస్థానం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. ఊరి పేరుపలకలు మారుతూనే ఉన్నాయి, అది ఆకులు తింటూనే ఉన్నది.

లె లె చైనాకు వెళ్ళిన రెండు నెలలకు, 2024 మార్చి 16న, పది రోజులుగా మేత మానేసిన తాబేలు బహదూర్‌పురాలోనే కన్నుమూసింది. దాని వయసు 125 ఏళ్ళని జూవారు చెప్పారు. అప్పటికి దాని దొడ్డిలో తోడు మరొకటి ఉండేది. అది చిన్నది, తొంభై అయిదేళ్ళు.